పన్నులేని ఊళ్ళో అద్దె ఇల్లు

2 ఫిబ్రవరి 2024

ఏప్రిల్ పదకొండుకి ఇంటి అద్దె గడువు అయిపోతుంది. షార్జాలో ఈ రోలాలోనే ఉండాలా, దుబాయ్‌లో ఆఫీసున్న జెబెల్ అలీ దగ్గరికి మారాలా... మా ఆయన లాప్‌టాప్‌లో పట్టిక మొదలుపెట్టారు. నన్ను పెళ్ళిచూపులు చూడ్డానికి వచ్చినప్పుడు కూడా ఇంత ఆలోచించి ఉండరు.

4 ఫిబ్రవరి

ఆదివారం. ఈయన ఇంట్లోనే. జీతం మీద ఎక్కడా పన్ను లేదు కదా, ఇంకేం లెక్క అన్నాను. నవ్వారు. "పిచ్చిదానా, పేరు మార్చి తీసుకుంటారు." షార్జాలో అద్దె కాగితం మీద మున్సిపాలిటీ ముద్రకి రుసుము. దుబాయ్‌లో అద్దె మీద ఇంత శాతమని ఇంకో రుసుము నెలనెలా కరెంటు బిల్లులోనే కలిపేస్తారట. ఆపైన పార్కింగూ, టోల్‌గేట్లూ. రాస్ అల్ ఖైమా అన్నిటికన్నా చౌక అని తేలింది. "అక్కణ్ణించి ఆఫీసుకెళ్ళి వచ్చేసరికి మళ్ళీ బయల్దేరే వేళవుతుందండీ" అన్నాను. మూతి ముడుచుకుని ఆ వరుస కొట్టేశారు.

7 ఫిబ్రవరి

మా అమ్మాయి బుజ్జి లేవకముందే ఈయన కంపెనీ బస్సెక్కుతారు. అది పడుకున్నాక దిగుతారు. మధ్యలో అంతా ట్రాఫిక్కే. పట్టికలో దీనికి గడి ఏదని అడిగితే... "అది ఖర్చు కాదుగా."

ఒళ్ళు మండింది.

8 ఫిబ్రవరి

రోలా వదలాలంటే నాకూ మనసొప్పదు. కిందకి దిగితే గోంగూర, కరివేపాకు. టైలరు మనవాడే.

9 ఫిబ్రవరి

లిఫ్ట్ దగ్గర బిల్డింగ్ చూసుకునే నాతూర్ బషీర్ భాయ్. "ఉంటారా, వెళ్తారా? ముదీర్ పూఛ్ రహా హై." మేనేజరు అడుగుతున్నాడట. ఖాళీ చేసేటట్టయితే రెండు నెలల ముందే చెప్పాలి. ఈయన — "లెక్క అవనీ భాయ్, కల్ బతాతా." రేపు చెప్తారట.

11 ఫిబ్రవరి

పొద్దున్నే ఈయన కూరగాయలకని వెళ్ళొచ్చారు. బెల్ కొట్టగానే బుజ్జి తలుపు తీసింది. "కూర్చోండి నాన్నా" అంది. పళ్ళెంలో గ్లాసుడు నీళ్ళు పెట్టుకుని రెండు చేతులతో పట్టుకొచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళకి అలాగే ఇవ్వాలని నేర్పింది నేనే. ఈయన నవ్వుతూ అందుకున్నారు. సగం తాగాక నవ్వు పోయింది.

నాకు ఏడుపొచ్చింది. వంటింట్లోకి వెళ్ళిపోయాను.

12 ఫిబ్రవరి

"మారిపోదాం" అన్నారు. అంతే. పట్టిక తెరవనే లేదు.

13 ఫిబ్రవరి

బషీర్ భాయ్‌కి చెప్పబోతే — "ఖలాస్ భాయ్‌సాబ్, గడువు దాటిపోయింది." ఇప్పుడు వెళ్ళాలంటే జరిమానా కట్టాలి. లేకపోతే ఇంకో ఏడాది ఇక్కడే. ఏ ఊళ్ళో ఎంత పడుతుందో అంతలా లెక్కేసిన మనిషి, గడువు ఒక్కటే మరిచిపోయారు.

తిడదామనుకున్నాను. ఆ మొహం చూసి తిట్టలేకపోయాను.

14 ఫిబ్రవరి

లాప్‌టాప్ మళ్ళీ తెరిచారు. కొత్త గడి: జరిమానా. "కట్టేద్దామండీ" అన్నాను. "చూద్దాం. బషీర్ భాయ్ రేపు సాయంత్రం లోపల చెప్పమన్నాడు."

15 ఫిబ్రవరి

ఇవాళ బుజ్జికి ఎందుకో ముందే మెలకువొచ్చింది. నాన్న బూట్లు వేసుకుంటుంటే కళ్ళు నులుముకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చుట్టాలు వెళ్ళేటప్పుడు నేను ఊపినట్టే చెయ్యూపింది.

"మళ్ళీ రండి నాన్నా."

లిఫ్ట్ వచ్చింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఈయన కదల్లేదు. కింద బస్సు హారన్ కొడుతూనే ఉంది...