సముద్రం దగ్గర ఆగిన ఆట

కురహషి గారికి,

ఒసాకాలో కూడా చలి మొదలై ఉంటుంది. మా ఆయన తయారుచేసిన వీడియో గేమ్ తొలి నమూనా కోసం మీరూ మీ స్నేహితులూ ఏళ్ల తరబడి వెతికారు. అది పాత సామాన్ల కొట్లో దొరికిందని పోయినవారం తెచ్చి, మా టీవీకి తగిలించి చూపించారు. అమ్మకానికొచ్చిన ఆట కొండ మీదే అయిపోతుంది. ఇందులో కొండ దిగితే సముద్రం ఉంది. ఆయన పోయాక, ఆ సముద్రం నేను కలగన్నానేమో అనుకునేదాన్ని.

"ఒడ్డుకు చేరగానే ఆట కదలకుండా బిగుసుకుపోతోందండీ. మీరు సరేనంటే బాగుచేసి అందరికీ పంచుతాం" అన్నారు మీరు.

అప్పట్లో కంపెనీవాళ్లూ ఆట పాడైందనుకుని సముద్రాన్ని తీసేయించారు. ఆ రోజు ఆయన ఇంటికొచ్చి, "సముద్రం దాకా వచ్చినవాడికి ఇంకేం పని ఉంటుందే? కాసేపు కూర్చోనివ్వచ్చుగా" అన్నారు.

నిన్న మధ్యాహ్నం ఆటలోని పిల్లాణ్ణి నేనే ఒడ్డుకు చేర్చాను. అలలు కూడా కదల్లేదు. ఆపబుద్ధి కాక అలాగే వదిలేసి, ఎండబెట్టడానికి పెర్సిమన్ పండ్ల తొక్క తీస్తూ కూర్చున్నాను. బుట్ట సగమయ్యాక తలెత్తితే, నీళ్లు గులాబీ రంగుకు తిరిగాయి. పిల్లాడు ఇసుకలో కూర్చుని ఉన్నాడు. దూరాన చిన్న పడవ ఒకటి వస్తోంది.

బాగుచేయకండి, కురహషి గారూ. ఉన్నదున్నట్టు అందరికీ ఇవ్వండి. కాస్త ఓపిక పట్టమని మాత్రం చెప్పండి.

పడవ ఒడ్డుకు చేరిందా అని అడుగుతారేమో. నేనింకా టీవీ ఆపలేదు.