ట్రాక్ మీద షామియానా

19 జనవరి 2025, తాడేపల్లిగూడెం

ఏలూరు నుంచి సేవా క్లబ్బు ప్రెసిడెంటు శ్యామ్ సుందర్ ఫోన్. మానసిక దివ్యాంగులకి ఇరవై ఏళ్లుగా ఆటలు నేర్పిస్తున్నందుకు నాకు సన్మానమట, అదీ జిల్లా మీట్ రోజునే. వద్దన్నాను. అలా అనకండి హఫీజ్ గారూ, కార్డులు ప్రింటయిపోయాయండీ అన్నాడు. ఉల్లిపాయల వ్యాపారిని రాత్రికి రాత్రి మానవతామూర్తిని చేసేశారు. మా ఆవిడ రేహానా పడి పడి నవ్వింది.

24 జనవరి

కొల్లేరు వెళ్లాను. నా దగ్గర పరుగు నేర్చుకునే సలోమికి ఇరవై రెండేళ్లు, లెక్కపెట్టడం రాదు. చేపల చెరువు గట్టు మీద మేత షెడ్డు నుంచి తూము దాకా రెండు వందల మీటర్లు కొలిచి సున్నంతో గీత గీశాను. మొదట నిమ్మళంగా, చివర్లో ప్రాణం పెట్టి పరిగెత్తాలని నేర్పడానికి మూడేళ్లు పట్టింది. మీట్‌లో మొదటి ఇద్దరికే స్టేట్ టీమ్‌లో చోటు. వాళ్లమ్మ వరమ్మ అప్పుడే కొత్త బూట్లు కొని దాచింది.

2 ఫిబ్రవరి, ఏలూరు, మీట్ రోజు, ఉదయం 8

షామియానా ట్రాక్ మీదే వేశారు! చివరి అరవై మీటర్లూ కుర్చీలు, సోఫాలు. అరిచాను. చీఫ్ గెస్ట్ గారి కారు అక్కడిదాకానే వస్తుందండీ, ఈ పిల్లలకి పరుగు కాస్త తగ్గిస్తే వాళ్లకేం తెలుస్తుందండీ అన్నాడు శ్యామ్ సుందర్. వాళ్లకేం తెలుస్తుంది! ఇన్నేళ్లూ నేను కొట్లాడింది ఈ ఒక్క మాటతోనే. వెళ్లిపోతానన్నాను. మా పరువు తీయకండి అని చెయ్యి పట్టుకుని సోఫాలో కూర్చోబెట్టారు. సిగ్గు లేకుండా కూర్చున్నాను.

షామియానా ముందు, నూట నలభై మీటర్ల దగ్గర రిబ్బను కట్టారు. అక్కడే ఆగాలని సలోమికి చెప్పి వచ్చాను. తలూపింది.

సాయంత్రం

రిబ్బను దగ్గర సలోమి మూడోది. మిగతావాళ్లు ఆగారు. ఆమె అప్పుడే ఊపందుకుంది. కుర్చీలు తన్నుకుంటూ, జనం తప్పుకుంటుంటే, నేరుగా నా సోఫా దాకా వచ్చి రెండు చేతులూ పైకెత్తింది. ఒకటే చప్పట్లు. గురువుగారంటే ఎంత ప్రేమో చూడండీ అని మైకులో. నా మెడలో దండ తీసి ఆమెకి వేయించి ఫోటో తీశారు.

రెండు వందల మీటర్లు సరిగ్గా నా సోఫా దగ్గర పూర్తవుతాయి. ఆ సంగతి అక్కడ ఇద్దరికే తెలుసు.

ఫస్టొచ్చానా సార్ అంది. వచ్చావమ్మా అన్నాను. టీమ్‌లోకి రిబ్బను దగ్గరికి ముందు చేరిన ఇద్దర్నీ తీసుకున్నారు.

3 ఫిబ్రవరి

పేపర్లో ఫోటో. శాలువా తగలెయ్యాలని ఉంది.

6 ఫిబ్రవరి

వరమ్మ ఫోన్. బస్సెప్పుడండీ, బూట్లేసుకుని కూర్చుందండీ అంది. చెప్పాను.

11 ఫిబ్రవరి

క్లబ్బువాళ్లు ఫ్రేము కట్టించిన ఫోటో సలోమికి చూపించాను. నన్ను చూడలేదు. తనని చూసుకోలేదు. నా సోఫా కింద వేలితో రుద్దుతూ, గీతేది సార్ అని అడిగింది.