కదలని అంకె

గోదావరిఖని,
ఆగస్టు 2007.

ప్రియమైన అమ్మకు,

నీ చిన్న బిడ్డ కెరోలిన్ ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమమే. ఈ మాట ప్రతిసారీ చెయ్యి తిరిగినట్టు రాసేస్తాను. ఈసారి మాత్రం రాశాక లేచి వెళ్లి, నిద్రపోతున్న నాయననూ నీ అల్లుడు డానీనీ ఓసారి చూసొచ్చి మళ్లీ కూర్చున్నాను. చంద్రపూర్‌లో అక్క, పసిపాప బాగున్నారని రాశావు. చాలా సంతోషం.

నాయన బీపీ గోళీలు వేసుకుంటున్నాడా అని అడిగావు. అడిగితే "ఏసుకున్న తియ్యి" అంటాడు. నేను నమ్మక డబ్బా ఊపి చూస్తాను. వంటింటి గోడకు చెమ్మ ఇంకా ఉంది. డానీ దానికి ప్లాస్టిక్ కవరు కప్పాడు. నాయన దాన్ని చూసినప్పుడల్లా నవ్వుతున్నాడు. డానీకి బొగ్గుబాయి పైన డ్యూటీ ఎట్లా ఉందన్నావు కదా, దానికి జవాబు కాస్త ఆగి రాస్తాను. ముందు మంగళవారం సంగతి చెప్పనివ్వు. ఫోన్‌లో అరిచి చెప్తే నీకు సగమే వినిపిస్తుంది, ఇక్కడ వాడకట్టంతా వింటుంది.

నా పని ఏమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. బొగ్గుబాయి లోపల అంటుకునే గ్యాస్ నూటికి ఎంత ఉందో కొలిచే యంత్రాలుంటాయి. వాటి వైరు నాయన డ్యూటీ చేసే, బాయికి గాలి ఆడించే ఫ్యాన్ హౌస్‌లోని కంప్యూటరుకు వస్తుంది. అక్కడినుంచి ఇంకో వైరు మా ఆఫీసుకు వస్తుంది. అంటే ఆ కంప్యూటరుకు రెండు తలుపులు అనుకో. ఆఫీసు వైపు దానికి సున్నా నంబరు, బాయి వైపు దానికి ఒకటో నంబరు. మా తెర మీద ఒక అంకె కనిపిస్తూ ఉంటుంది. పాయింట్ రెండు అంటే భయం లేదు. ఒకటి దాటి పెరుగుతుంటే కరెంటు తీసి మనుషుల్ని బయటికి పిలవాలి.

ఆ తలుపులను వారానికోసారి మూసి తెరవాలి, లేకపోతే మొండికేస్తాయి. మౌసుతో అయ్యే పని కాదు. నల్ల తెర మీద ఆజ్ఞ టైపు చేయాలి. చివర డౌన్ అని కొడితే మూసుకుంటుంది, అప్ అని కొడితే తెరుచుకుంటుంది. ఎప్పుడూ జీపులో ఫ్యాన్ హౌస్‌కు వెళ్లి, దాని ముందే కూర్చుని చేసేదాన్ని. మంగళవారం వానకు దారి తెగింది. రాత్రి డ్యూటీకి పోయిన నాయన కూడా అక్కడే చిక్కుకున్నాడు.

"ఈడ కూసోనే చెయ్యరాదమ్మా, అదే కంప్యూటరు గదా" అన్నాడు మా ఇన్‌చార్జి రఘుపతి సారు. నిజమే, ఆఫీసు నుంచి కూడా దాని లోపలికి వెళ్లొచ్చు. వెళ్లాను. చేతికి అలవాటైన వరుసలోనే మొదట ఆఫీసు వైపు దానికి డౌన్ కొట్టాను.

కొట్టాక తెలిసింది. నేను లోపలికి వెళ్లింది ఆ తలుపులోంచే. ఇక అప్ అని ఎంత కొట్టినా అది అవతలికి చేరదు. వెళ్లే దారి నేనే మూసేశాను.

"సార్, మనకు బాయి కనవడ్తలేదు" అన్నాను.

ఆయన తెర చూశాడు. "పాయింట్ రెండు ఉన్నది గదా."

"గా అంకె పాతది సార్. కొత్తది రాకపోతె గదే నిలవడ్తది."

"గింతల ఏం గాదు తియ్యి" అని ఛాయ్ అందుకున్నాడు.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. అమ్మా, డానీకి పైన డ్యూటీ రాలేదు. వచ్చిందని పోయిన ఉత్తరంలో అబద్ధం రాశాను. చిన్న మామయ్యను బాయిలోంచి ఎట్లా తెచ్చారో చూసినదానివి. కాన్పు ఇంట్లో తిండి మానేసి కూర్చుంటావని నేనూ నాయనా కలిసే దాచాం. ఆ పొద్దున డానీ కిందనే ఉన్నాడు. తిట్టుకో, కాని మిగతాది చదువు.

ఫ్యాన్ హౌస్‌కు ఫోన్ చేశాను. నాయన ఎత్తాడు.

"నాయనా, నల్ల తెర ముందట కూసో. నేను చెప్పిన అక్షరం ఒత్తు."

"నాకు ఏబీసీడీలు గుర్తువడ్తయి గని, కలిపి సదువరాదు బిడ్డా."

"సదువకు, ఒత్తు."

ఒక్కో అక్షరం చెప్పాను. పొడుగు మీట ఒత్తి జాగా వదలమన్నాను. "గీ గుండ్రంది అచ్చరమా, సున్ననా?" అని అడుగుతూనే అక్షరం ఒత్తేశాడు. తెర మీద ఏదో ఇంగ్లిషు లైను వచ్చిందన్నాడు. మళ్లీ మొదటినుంచి. ఆయన ఊపిరి, వెనక ఫ్యాన్ హోరు తప్ప నాకు ఇంకేమీ వినిపించలేదు.

"ఒత్తిన. ఏం రాలేదు బిడ్డా, ఉత్తగనే ఉన్నది."

"ఏం రాకుంటెనే మంచిది నాయనా. తప్పయితెనే అది మాట్లాడ్తది."

ఆఫీసు తలుపు తెరుచుకుంది, మా తెరకు ప్రాణం వచ్చింది. పాయింట్ రెండు. సారు "చెప్పలేదా" అన్నట్టు నవ్వాడు. నేను ప్రభువును తలచుకుని కుర్చీలో కూలబడ్డాను. ఫోన్ పెట్టేసేదాన్నే, పని సగంలోనే ఉందని గుర్తొచ్చింది. "ఎట్లగూ కూసున్నవు నాయనా, బాయి దిక్కుది గూడ ఒక్కపారి మూసి తెరువు" అన్నాను. ఈసారి సున్నాకు బదులు ఒకటి ఒత్తాడు. మూశాడు, తెరిచాడు.

అంకె మారింది. ఒకటి పాయింట్ నాలుగు.

సారు ఛాయ్ గ్లాసు వదిలేసి కిందికి ఫోన్ అందుకున్నాడు. కరెంటు తీయించాడు, అందరినీ పైకి రమ్మన్నాడు. నేను వానలో ఆఫీసు పక్కనే ఉన్న బాయి దాకా పరుగెత్తాను. ఒక్కొక్కరే వస్తుంటే, ఆ నల్లటి ముఖాల్లో నా మొగుణ్ణి గుర్తుపట్టలేక అందరి ముఖాల్లోకీ తొంగి చూశాను. చివరికి డానీయే నన్ను పిలిచాడు.

"ఏందట్ల చూస్తున్నవ్? లోపట మా జాగల చిన్న గాలి ఫ్యాన్ ఆగింది. బయటికి పోదామా అని మా పని చూసే సర్దార్ ఆఫీసుకు ఫోన్ చేస్తె, పాయింట్ రెండే ఉన్నదన్నరు. గందుకే ఆడనే కూసున్నం."

ఆ ఫోన్ ఎత్తింది నేనే అమ్మా. తలుపు మూయక ముందే, తెర చూసి, పాయింట్ రెండు అని చెప్పింది నేనే. ఎవరి సర్దారో కూడా అడగలేదు. తరువాత వెతికి చూస్తే, బాయి వైపు తలుపు ముందురోజే మొండికేసింది. అప్పటినుంచి దిగినవాళ్లంతా చచ్చిన అంకెను నమ్ముకునే దిగారు. ఇది సారుకు చెప్పాను. డానీకి ఇంకా చెప్పలేదు.

అతను సోమవారం మళ్లీ దిగుతాడు. వద్దంటే నవ్వుతాడు. నీ మాట మాత్రం తీసెయ్యడు. "మా అత్తమ్మ చెప్తె సరే" అంటాడు కదా ఎప్పుడూ. ఆ కొలిచే యంత్రాలన్నీ సరిచూసేదాకా సెలవు పెట్టమని, పైన డ్యూటీకి మళ్లీ అడగమని అతని పేరున రాయి. రాసిన వెంటనే పోస్టులో వెయ్యి.

నీ ఉత్తరం వచ్చేదాకా నేను ఆ తెర ముందే కూర్చుంటాను. అంకె పెరిగితే భయం. కదలకుండా ఉంటే ఇంకా భయం.

ఇట్లు,
నీ చిన్న బిడ్డ,
కెరోలిన్