పాప చెవిలో చెప్పిన పేరు

నాన్నా,

మొగుడు చెప్పాడని పాపకి ఐరిష్ పేరు పెట్టుకున్నానని మీరంతా అనుకుంటున్నారు. బ్రెండన్ అసలు తెలుగు పేరే చాలన్నాడు. ఈఫా అన్నది వాళ్ళమ్మ పేరు, ఎంచుకున్నది నేను. మా పెళ్ళికి మీరెవరూ రానప్పుడు, ఫోన్‌లో వీడియో చూస్తూ నా చీరకి కుచ్చిళ్ళు పెట్టింది ఆవిడే.

పలికే తీరుతో పొంతనలేని ఆ ఇంగ్లీషు స్పెల్లింగ్ చూసి అమ్మ నోరు తిరగదంది. నువ్వు మాత్రం, నేను కడుపుతో ఉన్నప్పుడు డాక్టర్ దగ్గరికి డ్రైవ్ చేస్తూ ప్రతిసారీ పలికి చూపించావు. "రెండక్షరాలే కదే, ఈ-ఫా. మీ అమ్మకి నేను నేర్పుతాలే" అన్నావు.

అందుకే బారసాలలో పాప చెవిలో ఆ పేరు మూడుసార్లు చెప్పమని నిన్నే అడిగాను. నువ్వు వంగి "ఆద్య" అన్నావు. వెనకే పిన్నీ బాబాయిలంతా "ఆద్యా" అని పిలిచారు. నేను లేని వాట్సాప్ గ్రూప్‌లో వారం ముందే అనుకున్నారట. నా పక్కన మా అత్తగారు అదేదో మంత్రమనుకుని చేతులు జోడించారు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

ఆదివారం ఆద్యని ఎడిసన్‌లో మీ ఇంటికి తీసుకురమ్మని మెసేజ్ పెట్టావు. పాప పేరు ఈఫా. ఆ పేరుతో పిలవని ఇంటికి పాపని తీసుకురాను.