పసుపు అలవాటు

బెల్లంపల్లి, శ్రావణ మంగళవారం, రాత్రి

రాజవ్వా, నువ్వు పోయినా నీకే రాస్తున్నాను. నా రాత వంకర, తప్పులుంటాయి, ఏమీ అనుకోకు.

ఇంజనీరుగారి బంగళాలో నేను తోటమాలిగా చూసే ఐరిస్ అనే నీలిపూల మడి చచ్చిపోతోంది. మనం ఆలుమగలం పసుపు చేనులో చేసినట్టే కలుపు పీకి, మచ్చలు పడిన ఆకులు కోసి, అన్నీ దుంపల మీదే కప్పాను. ఈ రోజు తీసి చూస్తే దుంపలు కుళ్లాయి, మచ్చలు కొత్త ఆకులకూ పాకాయి.

అమ్మగారు చూసి, "తాతా, గీ దుంపలకు ఎండ తగలాలె. తెగులు ఆకు కాలవెట్టాలె గని, మళ్ల మీదనే కప్పుతరా?" అన్నది. తిట్టలేదు. "నన్ను గన్న అవ్వ పోయింది. ఆమె పెట్టిన పూలన్న ఉంటయనుకున్న" అంటూ లోపలికి పోయింది.

ఒక్క దుంపే గట్టిగా మిగిలింది. ఈ చేతులకు పసుపు పని తప్ప ఏదీ రాదు... రేపు దాన్ని నేను నాటాలా, వద్దా? కలలోనైనా జల్ది చెప్పు.