సీటు లేని సైకిళ్ళు

ఒరేయ్ శీనూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. అందుకని కాదులే, ఈ సంగతి ఇంకెవరికి చెప్పినా నవ్వరని నీకు రాస్తున్నాను.

మనం చదివిన బాపట్ల కాలేజీలోనే పాఠాలు చెబుతున్నానుగా. మొన్న పిల్లలందరికీ ఉమ్మడిగా గేటు దగ్గర కొత్త సైకిళ్ళు పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు, పనయ్యాక గేటు దగ్గరో రైల్వే స్టేషన్ దగ్గరో పెట్టాలి. రెండో రోజుకే ఒక్కదానికీ సీటు లేదు. తీరా చూస్తే సీట్లన్నీ నా క్లాసులో, పుస్తకాల పక్కన బల్లల మీద ఉన్నాయి.

"ఏంటమ్మా ఇది?" అన్నాను ముందు బెంచీ అమ్మాయితో.

"సీటుంటే ఎవరో ఒకళ్ళు ఎక్కేసి పోతారండి. సాయంత్రం నేను తెనాలి బండి అందుకోవాలి కదండి."

ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిచి, "ఈ దిక్కుమాలిన తెలివి ఎవరిదో కనుక్కోండి" అన్నారు. అలాగేనండి అన్నాను. మన రోజుల్లో సైకిల్ సీటు చంకలో పెట్టుకుని పరీక్ష హాల్లోకి వచ్చినవాడు ఈ కాలేజీ మొత్తానికి ఎవడో నాకు తెలియదా?

నీ సైకిల్ మీ అమ్మ నాకే ఇచ్చింది. పదిమందికీ పనికొస్తుందని నిన్న దాన్నీ ఆ సైకిళ్ళ పక్కనే పెట్టాను.

సీటు మాత్రం ఇంటికి తెచ్చేసుకున్నాను.