చిన్న స్కోప్

ఒరేయ్ మూర్తీ,

నువ్వు పోయాక మొదటిసారి కొలరాడో కొండల్లోకి వేటకి వెళ్లాను, ఒక్కడినే. ఇన్నేళ్లూ దూరంగా ఉన్న జంతువుల్ని చూసే స్పాటింగ్ స్కోప్ నీ బ్యాగ్‌లో, ట్రైపాడ్, పులిహోర నా బ్యాగ్‌లో ఉండేవి కదా. ఇప్పుడు అన్నీ నా వీపు మీదే. అందుకే ఈసారి తేలికైన స్కోప్ కొన్నాను.

"చిన్న లెన్స్ అయితే తెల్లారగట్ల ఏమీ కనపడదురా. బరువు నేను మోస్తాగా, నీకేంటి ప్రాబ్లం?" అని దెబ్బలాడేవాడివి. నువ్వన్నదే నిజం. తెల్లవారుతుంటే అందులో అంతా మసకే. నన్ను నేనే తిట్టుకుంటూ కూర్చున్నాను.

అంతలో ఎదుటి కొండ మీద ఎండ పడింది. స్కోప్‌లోని ఆ చిన్న గుండ్రటి వెలుగులో పెద్ద ఎల్క్ దుప్పి నిలబడి ఉంది. కొమ్ముల మీద మంచు మెరుస్తోంది. మెడ చాచి అరిచింది. నోట్లోంచి ఆవిరి ముందు కనపడింది, అరుపు లోయంతా దాటుకుని ఆ తర్వాతెప్పుడో నా దాకా వచ్చింది. రైఫిల్ సంగతే మర్చిపోయాను.

ముందు చూసినవాడు నోరు మెదపకుండా రెండోవాడికి చోటివ్వాలన్నది మన రూల్ కదా. స్కోప్ కదలకుండా, మెల్లగా పక్కకి జరిగాను.